కచేరీ వేదికపై పల్లెపాట

సంగీతమును మార్గమనియు దేశియనియు రెండు పాయలుగ విడదీసి చెప్పుట మన లాక్షణికుల కలవాటు. మతంగుని ‘బృహద్దేశి’ని చూచినచో, స్త్రీలును, బాలురును, పసులకాపరులును, రాజులును తమ తమ దేశములయందు మనసునకు నచ్చినట్లు పాడుకొను పాటయే దేశి యని తేలుచున్నది. పసులకాపరిని, రాజును ఒకే పంక్తిని కూర్చుండబెట్టిన ఆ మాటను మనవారు చాలకాలము మరచియే యున్నారు. క్రీ.శ. 1253-54 ప్రాంతమున, కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని రచించెను. ఎనిమిది అధ్యాయములు గల ఆ గ్రంథములో మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగు దేశికి కేటాయింపబడినవి. సరిగా సగము! ఆ సగపాలు నేటికిని మన సంగీతసభలలో దేశికి దక్కలేదు. మంగళమునకు ముందు, శ్రోతలు చెప్పులు వెదకికొను వేళ, ఒక జానపద గేయము పాడి ముగించుట మాత్రము ఆచారముగ నున్నది.

ఇటీవల గాలి మారినదని కొందరు సంతోషించుచున్నారు. వీణ ప్రక్క డప్పు, వయొలిను ప్రక్క కిన్నెర, వెనుక కీబోర్డు, పైన రంగురంగుల దీపములు; పేరు ఫ్యూజను. యువకులు గుంపులు గుంపులుగ వచ్చి వినుచున్నారు. శాస్త్రజ్ఞులు కొందరు ముక్కు విరుచుచున్నారు. ఈ సంతోషమును, ఈ విరుపును నాకు సమానముగనే అనుమానము కలిగించుచున్నవి. జానపదము సోకినచో రాగశుద్ధి చెడునను భయము చరిత్ర నెరుగని భయము. పున్నాగవరాళి, నాదనామక్రియ, నవరోజు వంటి రాగములు పల్లెపట్టులనుండియే శాస్త్రములోనికి నడచి వచ్చినవని సంగీత చరిత్రకారులు చెప్పుచునే యున్నారు. త్యాగరాజస్వామి ఉత్సవసంప్రదాయ కీర్తనలలోని లాలిపాటలు, హారతిపాటలు మన యిండ్ల పెద్దముత్తైదువలు పెండ్లిపందిళ్లలో పాడు పాటలకు తోబుట్టువులు. కలయిక క్రొత్తది కాదు. అయినను కలిసినదెల్ల మేలైన కలయిక యనుటయు పొసగదు. పాలలో చక్కెర కలియుట వేరు, నీరు కలియుట వేరు. ఏది దేనిలో కలిసెను, కలిసిన పిమ్మట ఎవరి పేరు నిలిచెను అను రెండు ప్రశ్నలను అడుగనిదే ఈ సమ్మేళనములను గూర్చి మంచిచెడ్డలు తేల్చుట సాధ్యము కాదు.

మా సికిందరాబాదులో ఈ రెండు పాయలును ఒకదాని కొకటి పిలుపు దూరమున ప్రవహించుచున్నవి. 1806లో సికందర్ జా పేరు తాల్చిన యీ దండు విడిదిని జనులు నేటికిని లష్కరనియే పిలుతురు. 1813లో సైన్యముతో ఉజ్జయినికి పోయిన సురిటి అప్పయ్య యను అతడు కలరా జాడ్యము తగ్గినచో అమ్మవారిని తన యూర నిలుపుదునని మ్రొక్కుకొని, 1815లో మహంకాళిని ఇచ్చట ప్రతిష్ఠించెనని స్థలకథ. ఆషాఢమాసపు బోనాల నాడు ఆ గుడి చుట్టుపట్ల డప్పు మ్రోగని సందు లేదు. అదే యూర భక్తరామదాసు పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నది. రామదాసు కీర్తనలు చిరకాలము భజనగోష్ఠులలోను, ఊరూర తిరుగు దాసరుల నోటను బ్రతికినవే గాని పండితసభలు పోషించినవి కావు. ఆ పేరు ఆ కళాశాలకు పెట్టినవారు ఈ సంగతిని తలచి పెట్టిరో లేదో గాని, పేరు మాత్రము చక్కగ కుదిరినది.

బోనాల డప్పును జాతరసందడి యని గాక, సంగీతమని చెవియొగ్గి వినువారు మనలో తక్కువ. కొయ్యచట్రమునకు బిగించిన తోలును నిప్పుసెగకు కాచి శ్రుతికి తెచ్చుట ఒక విద్య. కుడిచేతి సిర్ర వేయు దెబ్బకు, ఎడమచేతి సిటికెనపుల్ల పలుకు పలుకునకు నడుమ నున్న సంవాదము మరియొక విద్య. నడక, పరుగు, మలుపు, నిలుపు అన్నియు పదిమంది వాద్యగాండ్రు కనుసైగతో ఒక్కసారి మార్చుదురు. దానికి గ్రంథము లేదు గనుక శాస్త్రము లేదనుకొనుట మన చదువు నేర్పిన పొరపాటు. ఇటీవల కొన్ని వీధులలో డప్పు స్థానమున ఇంతెత్తు లౌడుస్పీకర్ల పెట్టెలు వచ్చినవి. డప్పుధ్వనిని యంత్రమున బంధించి, దానికి గుండెలదరు మ్రోత జతచేసి, బండిమీద పెట్టి త్రిప్పుదురు. ఇదియు నొక సమ్మేళనమే. ఇందు కూలి తప్పినది వాద్యగానికి, శ్రమ తప్పినది ఎవ్వరికిని లేదు.

ఇక పేరుగలవారి ప్రయత్నములను చూతము. శాస్త్రీయగానము నేర్చి, పల్లెపాటను నగరపు శ్రోత చెవిని వేసినవారిలో మొట్టమొదట తలపవలసినవారు వింజమూరి సోదరీమణులు, అనసూయాదేవి (1920–2019), సీతాదేవి. దేవులపల్లి కృష్ణశాస్త్రికి వీరు మేనకోడండ్రు. తల్లి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ యను స్త్రీల పత్రికను నడిపిన విదుషి. సంస్కారవంతుల యిండ్ల ఆడుపిల్లలు నలుగురిలో పాడుటయే తప్పుగ నెంచు దినములలో వీరు వేదిక యెక్కిరి. ఎక్కి పాడినది కీర్తనలు మాత్రమే కాదు, దంపుళ్లపాటలు, పడవపాటలు, జోలలు. 1938లో మద్రాసున రేడియోకేంద్రము వెలసిన తరువాత ఆ పాటలు తెలుగునాట ఇంటింటికి చేరెను. రోకలి పట్టిన చేతులు పాడుకొను పాట రేడియోలో వినవచ్చునని అంతకుముందు ఏ గృహిణియు కలగని యుండదు. తన పాట పాటయే యని ఆమెకు తెలియజెప్పిన మేలు చిన్నది కాదు. ఆనాటి స్త్రీవిద్యా ప్రచారకులు ఉపన్యాసములతో చేసిన పనికి ఇది తీసిపోదని నా యభిప్రాయము.

అట్లని వారి పద్ధతిని విమర్శింపక విడుచుటయు న్యాయము గాదు. పల్లెపాటకు మొదలు తుది పాటలో లేవు, పనిలో నున్నవి. వడ్లు దంచుట ముగిసినప్పుడు పాట ముగియును. గ్రామఫోను పలక ఒక ప్రక్కన పట్టునది మూడు నిమిషములు. ఆ కొలతకు కుదించునప్పుడు, ఒకరు ఎత్తుకొనగా పదిమంది అందుకొను తీరు సన్నగిల్లి, పాట ఒక గాయనీమణి సొత్తుగ మారును. తీర్చిన కంఠము పలుకులను నునుపుచేయును. ఊపిరి తీయుటలోని ఆయాసము, ఎండలో గొంతున పుట్టు జీర వినబడవు. మరియొక లోపము ఒక్కరిది కాదు, ఆ కాలపు సేకర్తలందరిది. పాటను సేకరించినవారి పేరు పలకమీద నచ్చుపడినది. పాడి యిచ్చిన కూలితల్లి పేరు పడలేదు. పద్యమునకు కర్త ఎవరని పేజీలకొలది తర్కించు మనము, పాటను ‘అజ్ఞాత కర్తృకము’ అని ఒక్క సమాసముతో తేల్చివేయుటలో సౌకర్యము చూచుకొంటిమేమో!

సీతాదేవి తరువాత హైదరాబాదు రేడియోకేంద్రమున జానపద సంగీత శాఖ చూచెను. 1979 నాటి ‘మా భూమి’ చిత్రమునకు సంగీతము కూర్చినవారిలో ఆమె యొకరు. ఆ చిత్రములో గద్దరు పాడిన పాటను వినినవారికి నేను చెప్పబోవు మాట సులభముగ బోధపడును. ఆ కంఠమునకు ఎవ్వరును సున్నము వేయలేదు. వాద్యములు కంఠమును వెన్నంటినవి గాని కప్పలేదు. మూడు నిమిషముల పలకతో మొదలైన ప్రయాణము నలుబదియేండ్లకు పాటను దాని గొంతుకే తిరిగి అప్పగించు స్థితికి వచ్చినదన్నమాట. శిక్షణ పొందిన సంగీతజ్ఞునికి అన్నిటికంటె కష్టమైన విద్య తన శిక్షణను ఎచ్చట ఆపవలెనో తెలిసికొనుట. ఆ విద్య ఆ పాటలో కానవచ్చుచున్నది.

సందర్భవశమున హార్మోనియమును గూర్చి ఒక మాట. గమకములు పలుకవను కారణమున ఆలిండియా రేడియో దానిని 1940లో బహిష్కరించి, 1971 దాక గడప యెక్కనీయలేదు. శాస్త్రదృష్టితో ఆ వాదమునందు సత్యము లేకపోలేదు. కాని తెలుగునాట హార్మోనియము ఎవరి వాద్యము? పద్యనాటకములది, హరికథలది, భజనమందిరములది. శ్రుతిశుద్ధి పేరిట వేసిన వేటు ఎవరిమీద పడెనో వేసినవారు చూచుకొన్నట్లు లేదు.

ఎదురు దిక్కునుండి నడచివచ్చిన మహానుభావుడు షేక్ నాజరు (1920–1997). గుంటూరు మండలము పొన్నెకల్లున పేద దూదేకుల యింట పుట్టి, శాస్త్రీయ సంగీతమును శ్రమించి నేర్చి, ఆ నేర్పును కచేరీకి గాక బుర్రకథకు ధారపోసెను. అచ్చట కథకుడు తంబుర మీటుచు, చేతి అందెలు మ్రోగించుచు అడుగు వేయును; ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయించుచు ఒకరు రాజకీయము, ఒకరు హాస్యము పలుకుదురు. ఇట్టి ప్రదర్శనలో రాగము పెత్తనము చేయజాలదు. వేలమంది బయలున కూర్చున్నప్పుడు నెరవులు, స్వరకల్పన చేయుచు నిలిచినచో కథ చచ్చును. నాజరు ఎరిగిన రహస్య మిది. పల్నాటియుద్ధమందు తల్లి బిడ్డను సాగనంపుచోట రాగము రెండు మెట్లు దిగి కరుణను తోడితెచ్చి, పని కాగానే తప్పుకొనును; మరల తాళము కథను భుజమున వేసికొని పరుగిడును. రాగమును సేవకునిగ చేసికొనుటకు ముందు దానికి శిష్యుడు కావలెను గదా! 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చెను. సంగీతజ్ఞుల జాబితాలో మాత్రము ఆయన పేరు నేటికిని వ్రాయరు. జానపద కళాకారుడని వేరొక అరలో పెట్టుదురు. ఆయన చేసిన కలయిక ఎట్టిదో తెలిసినచో అరలే అక్కరలేకపోవును.

అన్నమాచార్యుల విషయము మరియు చిక్కైనది. సువ్వి, గొబ్బి, జాజర, ఏల, లాలి, జోల - పల్లెలలోని ఫణుతులన్నిటిని ఆయన దేవుని వాకిటికి తెచ్చెను. తిరుమల సంకీర్తన భండారమున దాగిన రాగిరేకులపై పాటయు, రాగము పేరును నున్నవి, స్వరములు లేవు. కావున నేడు మనము వినునది సాహిత్యమున పదునైదవ శతాబ్ది, సంగీతమున ఇరువదవ శతాబ్ది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేసిన బాణీలలో పాండిత్యము వినయముతో కూడియున్నది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాదు (1948–2025) వందలకొలది కీర్తనలను తేలికయైన, ఇంటివారు పట్టుకొనదగిన నడకలలో కూర్చి, ప్రతి యింటి పూజగదిలో అన్నమయ్యను కూర్చుండబెట్టెను. దీనిని కొందరు ‘లలిత’ మని చప్పరించుట నేను విన్నాను. సామాన్యునికి అందినదంతయు తేలికయే యను నియమము ఎచ్చటిదో నాకు తెలియదు.

నాకు వెలితిగ తోచునది వేరొకటి. సువ్విపాట దంపుడుపాట, రోకలి పైకి లేచుచోట ఊపిరి, క్రింద పడుచోట తాళము. కచేరీలలో దానిని విలంబముగ నెత్తుకొని, సంగతిమీద సంగతి వేసి, ‘సువ్వి’ యను పలుకునే నాలుగు రకముల సాగదీసి పాడువారున్నారు. రాగము వికసించును, నిజమే. రోలు రోకలి మాయమగును. జాజరపాట వసంతోత్సవపు గుంపుపాట. ఒక్కరు కన్నులు మూసికొని పాడినచో అది ధ్యానమగును గాని జాజర కాజాలదు. అన్నమయ్య ఆ ఫణుతులను ఎన్నుకొన్నది వాని నడక కొరకే యని గ్రహించి, పాడువారు ఒకసారి వడ్లు దంచు ఇల్లాండ్ర యొద్దకు పోయి విని వచ్చినచో బాగుండును. దంచువారు కరవైనారందురా? ఆ పాటను నేర్చిన ముసలమ్మలు ఇంకను మన యిండ్లలోనే యున్నారు. పిల్లను వారమునకు రెండుసార్లు సంగీతపాఠమునకు పంపు తల్లిదండ్రులు, ఇంట మూలనున్న నాయనమ్మ బతుకమ్మపాటను పిల్లచేత ఒక్కసారియైన వ్రాయించిరా?

ఇప్పుడు కిన్నెర. వెదురుదండము, ఎండిన సొరకాయ బుర్రలు, మైనముతో నిలిపిన మెట్లు. చూచుటకు వీణకు పేదచుట్టము, వయస్సున పెద్దదియే కావచ్చును. దీనిని వంశపారంపర్యముగ పట్టినవారు డక్కలివారు. మాదిగల నాశ్రయించి, వారికి కులపురాణము చెప్పి, వారు పెట్టినది తిని బ్రతికినవారు. అంటరానివారికి సైతము దూరముగ నిలువవలసిన దుస్థితి వారిది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పండ్రెండు మెట్ల కిన్నెర వాయించుచు పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడును. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు శీర్షికగీతమునకు ఆయన కంఠమును, కిన్నెరను ఎత్తుగడగ వాడుకొనిరి. కోట్లమంది వినిరి. 2022లో పద్మశ్రీ వచ్చెను; రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయల పారితోషికమును, ఇంటిస్థలమును ప్రకటించెను. 2024 మే నెలలో, హైదరాబాదు చెంత తుర్కయంజాలున ఒక కట్టడమువద్ద ఆయన దినకూలికి పనిచేయుచున్నాడని పత్రికలు ఛాయాచిత్రముతో ప్రకటించెను. వచ్చిన ధనము కుటుంబపు అక్కరలకు ఖర్చయ్యెననియు, నెలకు వచ్చు గౌరవవేతనము ఆగిపోయెననియు ఆయన చెప్పుకొనెను.

దీనిని వినిన మిత్రుడొకడు ఆయన డబ్బు నిలుపుకొనలేకపోయెనని సులభముగ తేల్చివేసెను. ఆ ప్రసంగములోనికి నేను దిగను. నాది సంగీతవిమర్శ. ఆ పాటను మరల వినుడు. కిన్నెర మొదట పలుకును. శ్రోత వెన్ను నిటారగును. కొద్ది క్షణములలోనే యంత్రవాద్యముల హోరు వచ్చి దానిని మింగివేయును. కిన్నెర మెట్లు వాద్యకారుని చెవి నిర్ణయించినవి, కీబోర్డు మెట్లు కార్మాగారము నిర్ణయించినవి. రెండింటికి పొత్తు కుదుర్చుటకు ఎవరో ఒకరు ఓపికతో కూర్చుండవలెను. అందుకు తీరిక లేనప్పుడు కిన్నెరను గుమ్మమునకు మామిడాకువలె కట్టి, లోపల పెండ్లి తమ తీరున చేసికొందురు. సంగీతమున వాద్యమునకు దక్కిన స్థానమును, జీవితమున వాద్యగానికి దక్కిన స్థానమును ఇంత దగ్గరగ నున్న ఉదాహరణము నాకు వేరొకటి తోచదు. గీతమునంతటిని ఆ మెట్లమీద నడపియుండినచో సంగీతదర్శకులకు మొగులయ్య ప్రతిదినము కావలసివచ్చును. ఎత్తుగడకైనచో ఒక్క పూట చాలును.

నేపాళదేశమున దీనికి సరిపోలు కథ యున్నది. అచ్చట గంధర్వులను జాతివారు, పూర్వము గాయినే యని తక్కువగ పిలువబడినవారు, ఒక్క కొయ్యమొద్దును తొలిచి చేసిన నాలుగు తంత్రుల సారంగిని పట్టుకొని ఊరూర వార్తలు, వీరగాథలు పాడుచు తిరుగుచుండిరి. హిందుస్థానీ సితారు, తబలాలతో నేపాళీ జానపదపు వరుసలను మేళవించిన ‘సుర్ సుధా’ బృందమును, 2004లో కాఠ్మాండువున ఏర్పడిన ‘కుటుంబ’ బృందమును విదేశములలో సైతము పేరు పొందినవి. ‘కుటుంబ’ వారి వాదనమున నాకు నచ్చినది సారంగి స్థానము. అది ఎత్తుగడకు వచ్చి పోవు అతిథి కాదు; వేణువు, మాదలు అను మద్దెల, సారంగి ఒకదాని మాట నొకటి విని బదులు చెప్పుకొనును. శ్రోతలకు సారంగి మీద గౌరవము కలిగినది. గంధర్వేతరుల పిల్లలును దానిని నేర్చుచున్నారు. ఇది వాద్యమునకు జయము. గంధర్వుల యిండ్లకు ఎంత జయమో వేరుగ లెక్కచూడవలసిన మాట. వాద్యము గౌరవము పొందినంతమాత్రమున వాద్యగాని కులము పొందునని చరిత్ర ఎక్కడను హామీ యీయలేదు. మనకు వీణ వచ్చినది, దేవదాసి పోయినది. ఆ కథను సంస్కరణాభిమానులకు నేను విప్పి చెప్పనక్కరలేదు.

డప్పు విషయమున ఈ ముడి మరింత బిగిసియున్నది. డప్పు తోలు అపవిత్రమని వేదికకు దూరముంచినవారు మృదంగమును తొడమీద పెట్టుకొని దైవనామము పాడిరి. మృదంగమునకు బిగించునదియు ఆవు, మేక, గేదె తోళ్లే. ఆ తోళ్లను తెచ్చి, కోసి, పదును పెట్టు దళిత పనివారిని గూర్చి గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథమును వ్రాయుదాక సభలవారికి ఆ చేతులు కనబడలేదు. ఆయన అభిప్రాయములన్నిటిని ఒప్పుకొనక్కరలేదు; నేనును ఒప్పుకొనను. కాని ఆ ప్రశ్నను కచేరీ లోపలనుండి అడిగినవాడు ఆయన గనుక దానికి బరువు హెచ్చు.

బడిపంతులనైనందున ఒక చిన్న సంగతి చెప్పెదను. ఒక పాఠశాల వార్షికోత్సవమున బాలబాలికలు బోనాలనృత్యము చేసిరి. యంత్రమున సినిమాపాట మ్రోగినది. పిల్లల చేతులలో అట్టతో చేసిన డప్పులు. ఆ బాలురలో ఒకని తండ్రి మంచి డప్పువాద్యగాడు. చివరి వరుసలో కూర్చుండి కొడుకును చూచుచుండెను. ఆయనను పిలువవలెనని నిర్వాహకులకు తోచకపోవుట ద్వేషముచే కాదు. ఆ పాట ఆయనది యని వారికి తట్టలేదు, అంతే. మరునాడు ఆ బాలుడు అట్టడప్పును తరగతికి తెచ్చి, తండ్రి చేతికదలికను బల్లమీద వ్రేళ్లతో చూపించెను, అందు తప్పులేదు.

సభలవారు తలచుకొన్నచో చేయదగిన పని కొంత యున్నది. వీణకు గంట సేపు ఇచ్చినచోట కిన్నెరకు గంట సేపు ఇచ్చి, మొదట వేరువేరుగ వినిపించి, పిమ్మటనే కలిపి వినిపింపవలెను. వేరుగ నేమో తెలియని శ్రోతకు కలిసినది ఏమో తెలియదు. మృదంగవిద్వాంసునికి ఎంత సంభావన యిత్తురో డప్పువాద్యగానికిని అంతయే యీయవలెను. కలిపి వాయించువారు కచేరీకి ముందు ఒక పూట కాక ఒక ఋతువు కలిసి కూర్చుండవలెను. నాజరు శాస్త్రమునకై పడిన శ్రమలో నాలుగవవంతు శాస్త్రజ్ఞుడు డప్పునకై పడినను ఆశ్చర్యకరమైన ఫలితములు రాగలవు. ఇక ఆహ్వానపత్రికలు. గాయకుని పేరు, గురువు పేరు, బిరుదులు నాలుగు పంక్తులు వేసి, క్రింద ‘జానపద వాద్యబృందము’ అని ఒక్క ముక్కతో సరిపెట్టు పద్ధతి ఈ సంవత్సరమును నా చేతికి వచ్చిన పత్రికలలో చూచితిని. ఆ బృందమువారికి పేర్లున్నవి, ఊళ్లున్నవి, నేర్పిన తండ్రులున్నారు. అచ్చువేసినచో అచ్చుకూలి పెద్దగ పెరుగదు.